కొండెక్కిన దీపం

మా ఇళ్లలో దీపం ఆరిపోదు, కొండెక్కుతుంది. బియ్యం అయిపోవు, నిండుకుంటాయి. చిన్నప్పుడు ఉదయగిరిలో మా అవ్వ "దీపం కొండెక్కింది" అన్నప్పుడల్లా నేను వాకిట్లోకి పరిగెత్తి కొండ వైపు చూసేవాణ్ణి. ఊరి నెత్తిన అంత కొండ ఉన్నాక ఏ పిల్లాడైనా అంతే కదా! దీపం ఏ దారిన ఎక్కిందో, కొండ మీది పాత కోటగోడ ఎట్లా దాటిందో ఎప్పుడూ కనబడలేదు. పెద్దయ్యాక అది అశుభం పలక్కుండా అనే మాటేనని తెలిసింది. తెలిసినందుకు కొంత మిడిసిపడ్డాను కూడా.

కిందటి వానాకాలం నా భార్య గుండె జబ్బుతో పోయింది. మాది మేనరికం. ఆత్మకూరు ఇంట్లో ఇప్పుడు నేనూ, ఆమె తల్లి, అంటే మా మేనత్తా మిగిలాం. రోజూ సాయంత్రం అత్త కూతురి ఫోటో ముందు ప్రమిద వెలిగిస్తుంది. వెలిగించి నా వైపు తిరిగి ఒకటే అడుగుతుంది.

"అబ్బయా, నా బిడ్డ ఉండాదా, లేదా?"

ఎక్కడ ఉందని కాదు, అసలు ఉందా లేదా అని. ఏమని చెప్పను? దేవుడి మీద నాకు మొదటినుంచీ గురి తక్కువ. ఓదార్పు కోసం అబద్ధమాడదామంటే నోరు రాదు. ఆమెకు జవాబు లేకపోవడం ఒక బాధైతే, నాకూ అదే జవాబు కావాలని లోపల ఏడవడం ఇంకో బాధ.

బస్టాండు దగ్గర నాది జిరాక్స్ షాపు. ఒకరోజు ఒక ముసలాయన ఎర్రగుడ్డ అట్ట వేసిన పుస్తకం తెచ్చి, "మొత్తం తియ్యి, టీ తాగి వస్తా" అని వెళ్లాడు. మళ్లీ రాలేదు. పక్కనే ఉన్న టీ అంగడతన్ని అడిగితే, అట్లాంటి మనిషే రాలేదన్నాడు. మొదటి పేజీలు ఊడిపోయాయి, పుస్తకం పేరైనా తెలియదు. ఏదో వేదాంతం. ఒక్కో సమాసం గూడ్సుబండంత ఉంది. చిరాకేసి మూలన పడేశాను. అయితే పుస్తకం మూసేముందు ఒక పేజీలో కంటబడిన సంగతి నన్ను వదల్లేదు. మంట పోయాక ఉందా, లేదా అని అక్కడ పెద్ద చర్చ. అత్త అడిగేది అదే కదా!

ఇంటికి తెచ్చుకున్నాను. నిఘంటువు పక్కన పెట్టుకుని, సాయంత్రాలు ఫోటో పక్కన కూర్చుని, ముక్క ముక్కగా విడగొట్టుకుంటూ చదివాను. తల పగిలేది. ఒక్కో పూట ఒక్క వాక్యం కూడా లొంగేది కాదు.

ఆ చర్చ ఉన్న పేజీ తిప్పేసరికి ప్రమిద కొండెక్కింది. గాలేమో అనుకున్నా. మర్నాడు కిటికీ మూశాను, ఫాన్ ఆపాను, నూనె నిండుగా పోసి కొత్త వత్తి వేశాను. అదే పేజీ. మళ్లీ అంతే. మూడోసారి అత్త వంటింట్లోంచే, వెనక్కి తిరక్కుండా, "కొండెక్కిందా?" అంది.

ఆ పేజీలో పదే పదే వచ్చే మాట "నాశం". ఇందులో తెలియందేముంది అనుకుని అన్నాళ్లూ దాటేశాను. చివరికి ధాతువు వెతికితే, దానికి అర్థం "కనబడకపోవడం" అని ఉంది. లేకుండా పోవడం కాదు, కనబడకపోవడం. పుస్తకం మూశాను. కొండ వైపు చూసే ఆ పిల్లాడు గుర్తొచ్చాడు.

ఆ వారమే బంధువుల గృహప్రవేశానికి ఉదయగిరి పోయాను. తిరుగు బస్సు కోసం రోడ్డు మీద నిలబడ్డాను. పొద్దు గూకింది. కొండ నల్లబడుతోంది. బండల మధ్య ఒక చిన్న వెలుతురు కనబడింది. మెల్లగా పైకి పోతోంది. కాస్త పోయి ఆగుతుంది. మళ్లీ పోతుంది, మళ్లీ ఆగుతుంది.

గొర్రెలు తోలుకొస్తున్న ఒకతన్ని అడిగాను. "అన్నా, పైన ఎవరన్నా ఉండారా?"

"ఆ పక్క దారే లేదు సామీ. నిట్టనిలువు బండ. మేక గూడా ఎక్కదు."

"మరి ఆ ఎలుతురేంది?"

అతను ఒకసారి చూసి తల దించుకున్నాడు. "చూడబాకు సామీ. వేలు అసలే చూపించబాకు" అని గొర్రెల్ని అదిలించుకుంటూ గబగబా పోయాడు.

భయమేసింది. అయినా చూపు తిప్పుకోలేకపోయాను. వెలుతురు కోటగోడ దాకా వెళ్లింది, అక్కడ చాలాసేపు ఆగింది, తర్వాత కనబడలేదు. ఆరిపోయింది అనబోయాను. నోరు రాలేదు.

ఇల్లు చేరేసరికి అత్త గడపలో కూర్చుని ఉంది. లోపల ప్రమిద వెలుగుతోంది. ఆమె అడక్కముందే చెప్పాను.

"ఉండాది అత్తా. కనపడదు, అంతే."

పుస్తకం సంగతి చెప్పాను. దానికి ఊఁ అంది. కొండ మీద వెలుతురు సంగతి చెప్పగానే నా చెయ్యి పట్టుకుంది.

"ఎట్ట పోతా ఉన్నింది అబ్బయా? గబగబానా?"

"లేదత్తా. ఆగి ఆగి."

అత్త ఫోటో వైపు చూసింది.

"అట్టనే పోతాది. మిద్దె ఎక్కేదానికే మెట్ల నడమజ్జన నిలబడేది గదా, దానికి ఆయాసం."

నా భార్య పోయాక మేమిద్దరం కలిసి ఏడ్చింది ఆ రాత్రే.