కప్పు మీద అరచేయి

మా ఆవిడకు ఆసుపత్రిలో వరసగా డ్యూటీలు పడటంతో ఆ వారం వంటిల్లు నా ఏలుబడిలోకి వచ్చింది. మా అమ్మాయి రోజూ నా కూర మూత తీసి చూడటం, టోస్టు తిని పడుకోవడం. చివరికి, స్నేహితురాలింట్లో తిన్న జపాను కీమా అన్నం చేస్తేనే తింటానంది. అది కూడా చెడగొడితే నా తండ్రి హోదా రద్దయినట్టే.

ఆ రోజు కిల్కెన్నీ ఊరి నుంచి మేముండే డబ్లిన్ వచ్చే రైల్లో నా ఎదురుగా ఒక జపాను పెద్దావిడ కూర్చుంది. ప్రభువు నా మొర విని ఆవిడను టోక్యోలో విమానం ఎక్కించాడని నమ్మి, వెంటనే అడిగేశాను.

"చాలా తేలిక. బీఫ్ కీమా, అల్లం, సోయాసాస్, చక్కెర. అంతే," అంది ఆవిడ. కాఫీ కలిపే పుల్లలు నాలుగు కట్టగా పట్టుకుని, ఖాళీ కప్పులో గిరగిరా తిప్పి, కీమాను పొడిపొడిగా ఎలా విడగొట్టాలో చూపించింది.

"గరం మసాలా ఎప్పుడు వెయ్యాలండీ?" అన్నాను.

ఆవిడ కప్పు మీద అరచేయి మూతలా పెట్టింది.

"పోనీ, చిటికెడు?"

రెండో చేయి కూడా పెట్టింది.

ఇంటికొచ్చి పుల్లలకు బదులు పప్పుగుత్తితో కీమాను చిదిపాను. మసాలా లేకుండా మాంసం పొయ్యి దిగిన చరిత్ర మా వంశంలో లేదు కనుక, డబ్బా దానంతటదే చేతిలోకి వచ్చింది. కానీ బాణలి మీద ఆ రెండు చేతులే కనిపించాయి. డబ్బా వెనక్కి పెట్టేశాను.

"దట్స్ గ్రాండ్, డాడ్. ఎనీ మోర్?" అంది మా అమ్మాయి, ఖాళీ గిన్నె చాపి.

పొద్దున్నే డ్యూటీ నుంచి వచ్చిన మా ఆవిడ మిగిలిన కీమా రుచి చూసింది. "ఏవండీ, మసాలా మర్చిపోయారా?" అంటూ డబ్బా తీసింది.

నేను గిన్నె మీద రెండు చేతులూ పెట్టాను.