సముద్రం రంగు చెరిగిన క్యాసెట్

కువైట్‌లోని అహ్మదిలో మా ఇంట్లో భోజనాల బల్ల మీద భోజనం చేసి చాలా కాలమైంది. దాని మీద మూడు పాత కంప్యూటర్లు, ఒక టేప్ రికార్డర్, సోల్డరింగ్ ఐరన్ ఉంటాయి. మేమిద్దరం నేల మీద చాప వేసుకుని తింటాం. "ఆ డబ్బాలు పలికేదాకా నాలుగు రోజులైనా కూర్చుంటారు. నేను రెండుసార్లు పిలిస్తే మాత్రం వినపడదు" అంటుంది మా ఆవిడ. నిజమే కనక నేను ఎదురు చెప్పను.

నేను ఒక కాంట్రాక్టరు దగ్గర ఇన్‌స్ట్రుమెంట్ టెక్నీషియన్ని. పాలిటెక్నిక్‌లో ఎనిమిది బిట్ల ప్రాసెసర్ కిట్ మీద ఒక్కో అంకె కొట్టి ప్రోగ్రాం ఎక్కించినవాణ్ని. ఆ సరదా ఇప్పటికీ పోలేదు. ఇప్పటి కంప్యూటర్ లోపల ఏం జరుగుతుందో నాకు తెలియదు. ఈ పాతవాటిలో మాత్రం ప్రతి బైటు ఎక్కడుందో వేలు పెట్టి చూపించగలను. చిన్నప్పుడు ఆదివారపు బడిలో వాక్యం అప్పజెప్పేటప్పుడు ఒక్క మాట తప్పినా మళ్లీ మొదటి నుంచి చెప్పించేవారు. ఈ యంత్రాలదీ అదే పట్టుదల. లేఖనాల నకళ్లు రాసిన పూర్వకాలపు శాస్త్రులు అక్షరాలు లెక్కపెట్టి మరీ సరిచూసుకునేవారని మా పాస్టరుగారు ఒకసారి చెప్పారు. మేము బైట్లన్నీ కూడి తప్పు పట్టుకునేదీ అలాగే కదా అనిపించి, ప్రసంగం మధ్యలో నాకు నవ్వొచ్చింది.

మా తెలుగు సంఘం శుక్రవారం కూడుకుంటుంది, ఇక్కడ సెలవు ఆ రోజే కాబట్టి. జాబ్రియాలో ఒక కువైటీ ఇంట్లో ఇరవై ఏళ్లకు పైగా పని చేస్తున్న కడప జిల్లా అక్క ఒకామె, నెలకొక్క శుక్రవారం ఆరాధనకు వచ్చేది. అంతకుమించి సెలవు దొరకదు. వయసులో నాకంటే పెద్దదే అయినా సంఘంలో అలవాటు ప్రకారం నన్ను అన్నా అంటుంది.

ఒక శుక్రవారం ఆరాధన అయ్యాక నా దగ్గరకు వచ్చింది.

"వందనాలన్నా. మా మామా సామాన్ల గది సర్దిస్తాంటే నీ డబ్బా మాదిరిది ఒకటి దొరికినాది. మీటల మీద అరబ్బీ అచ్చరాలు ఉండాయి."

"నా మాదిరి డబ్బానా అక్కా?"

"నీ బల్ల మీదుండేటి డబ్బా అంటాండా. నిన్ను అన్లేదులే."

మామా అంటే ఆ ఇంటి యజమానురాలు, ఇక్కడ పనివాళ్లు అలాగే పిలుస్తారు. ఆవిడ పదమూడేళ్ల వయసులో ఆ కంప్యూటర్ మీద సొంతంగా ఒక ఆట రాసుకుందట. గజ ఈతగాడు సముద్రంలో దూకి ముత్యాలు ఏరుకునే ఆట. అది ఒక క్యాసెట్లో ఉంది.

"ఆ ఆట మళ్లా ఆడిస్తే జుమా జుమాకీ గుడికి పొమ్మనింది. మా అన్న సేస్తాడని మాట ఇచ్చేసినా" అంది అక్క. జుమా అంటే శుక్రవారం.

అక్క యంత్రాన్నీ క్యాసెట్‌నూ మా ఇంటికి పంపించింది. యంత్రం సులువుగానే లేచింది. అడాప్టర్ మార్చి, లోపల ఉబ్బిన రెండు కెపాసిటర్లు తీసి కొత్తవి వేశాను. ఆ రోజుల్లో ప్రోగ్రాములను క్యాసెట్ మీద కీచుమనే శబ్దంగా దాచేవారు. ఆ శబ్దాన్ని ల్యాప్‌టాప్‌లోకి ఎక్కించడానికి క్యాసెట్ పెట్టి మీట నొక్కాను. కీచు శబ్దానికి బదులు మా సంఘం పాట మొదలైంది. తబలా మధ్యలో అందరినీ మించి వినిపిస్తున్న గొంతు ఎవరిదో పోల్చుకోవడానికి నాకు క్షణం పట్టలేదు. అక్కకు ఫోన్ చేసి చెప్పాను.

ఆమె నెమ్మదిగా చెప్పింది. "నేనొచ్చిన కొత్తలో అన్నా. పుస్తకం సూసి పాడేదానికి నాకు సదువు రాదు గదా. సొరుగులో ఈ క్యాసెట్టు దొరికె. పెట్టి సూస్తే కీసుకీసు మంటాండె, సెడిపోయిందనుకుంటి. గుడికి తీసకపోయి దాని మీద పాట పట్టుకుంటి. గిన్నెలు తోముకుంటా ఇని నేర్సుకుని, మళ్లా యాడుండేది ఆడ్నే పెట్టేస్తి."

క్యాసెట్లను నమ్మలేక ఆ రోజుల్లో ఒకే ప్రోగ్రాంను వెంటవెంటనే రెండుసార్లు దాచేవారు. మొదటి నకలు మొత్తం పాట కింద పోయింది. రెండోదానికి మొదట్లో కొన్ని బైట్లే పోయాయి. మిగిలింది చదివి, ఈతగాడు ఎలా కదులుతాడో, ముత్యాలు ఎక్కడ పడతాయో అర్థం చేసుకున్నాను. పోయిన భాగం తెర సిద్ధం చేసేదని తేలింది. దాన్ని నేనే రాసి, అసెంబ్లర్‌తో యంత్రభాషలోకి మార్చి, ఎమ్యులేటర్‌లో, అంటే పాత యంత్రంలా నడుచుకునే సాఫ్ట్‌వేర్‌లో, పరీక్షించాను. ఆట నడిచింది. సముద్రానికి నీలం రంగు వేశాను. సముద్రానికి ఇంకే రంగు వేస్తాం?

"మామాకు సెప్పాలన్నా" అంది అక్క.

"అడిగితే చెబుదాం. ఉన్న సెలవు కూడా పోతే?" అన్నాను. వారం వారం వాక్యపఠనం నడిపించే నేనే ఆ మాట అన్నాను.

శనివారం సాయంత్రం జాబ్రియా వెళ్లాను. హాల్లో టీవీకి యంత్రం తగిలించాం. ఆ కువైటీ ఆవిడ అరబిక్‌లో చెప్పడం, అక్క నాకు తెలుగులో చెప్పడం. ల్యాప్‌టాప్ నుంచి రెండు నిమిషాలు కీచు శబ్దం ఎక్కించాక పడవ కనిపించింది. ఈతగాడు దూకాడు. ఆవిడ ముఖం వెలిగింది, కానీ అంతలోనే ఆగింది.

"లా. అఖ్దర్."

"సముద్రం ఆకుపచ్చగా ఉండాలంట" అంది అక్క. "పడవలో నుంచి సూస్తే అట్లనే కనపడేదంట, అందుకే ఆ రంగు ఏసిందంట. ఎందుకు మారింది అని అడుగుతాంది."

పాత టీవీ రంగులు అటూఇటూ అవుతాయని చెప్పడానికి నేను నోరు తెరిచాను. అక్క నా వైపు చూడకుండా, చేతులు కట్టుకుని అరబిక్‌లో మొదలుపెట్టింది. శరీత్ అన్న మాట, అంటే టేపు, రెండుసార్లు వినబడింది. మిగతాది నాకు తెలిసిందే.

ఆవిడ క్యాసెట్ పెట్టమని సైగ చేసింది. పాట వింది. ఆఖరి చరణం పూర్తవకుండానే కీచుమని ఆట శబ్దం అందుకుంది. ఆవిడ ఫక్కున నవ్వి ఏదో అంది.

"అప్పుడూ ఇట్లనే అరుస్తాంటివా, అంటాంది" అని అక్క తల దించుకుంది.

"దాచమన్నది నేనేనని కూడా చెప్పు అక్కా."

"అది నువ్వే సెప్పుకో అన్నా."

నాకొచ్చిన నాలుగు ముక్కల్లో "అనా గల్తాన్" అన్నాను, తప్పు నాదేనని. ఆవిడ టీవీ వైపు వేలు చూపించింది, ముందు రంగు మార్చమన్నట్టు. రంగు చెప్పే అంకె నాలుగు ఉన్నచోట పన్నెండు వేశాను. మారింది ఒక్క బైటే. మళ్లీ కీచు శబ్దం ఎక్కుతుంటే ముగ్గురం టీ తాగుతూ విన్నాం. ఆకుపచ్చ సముద్రం వచ్చింది. ఆవిడ చాలాసేపు కళ్లు తిప్పలేదు.

"ఖలాస్" అంది చివరికి, అక్కతో. "కుల్ జుమా." ప్రతి శుక్రవారమూ వెళ్లమని. క్యాసెట్లో పాట చెరపొద్దని మాత్రం షరతు పెట్టింది.

మరుసటి శుక్రవారం అక్క అందరికంటే ముందొచ్చి మూడో వరుసలో కూర్చుంది.

"మామా ఏమీ అనలేదు కదా అక్కా?"

"యాడన్నా. పొద్దున్నే ముత్యాలు ఏరతా కూసోనుండాది. పోతాండా మామా అంటే తలకాయ కూడా ఎత్తలా, యల్లా అని సెయ్యి ఊపె."