యూలాన్ గిన్నె

లాన్‌జౌలో ఒక సినిమా స్టూడియోకి సామాన్ల మేస్త్రీ ఖాంగ్ షౌరెన్. కుండ, కుర్చీ, దీపం ఏది ఎక్కడ ఉండాలో ఆయనకే వదిలేసేవారు. 1967లో, పంతులమ్మగా పనిచేసే ఆయన భార్య యూలాన్‌ను ఆమె శిష్యులే విప్లవం పేరిట చేతులకు ఎర్రపట్టీలు కట్టుకుని వచ్చి వీధిలో కొట్టి చంపారు. బూడిద కూడా ఇవ్వలేదు. సమాధి లేదు, ఫొటో లేదు. పేరెత్తితే ఉద్యోగం ఊడుతుందని నోరు కుట్టేసుకున్నాడు పాపం.

1984లో తీసిన ఒక సినిమాలో కొత్త సంవత్సరం ముందురోజు ఇంటిల్లిపాదీ భోంచేసే సీను వచ్చింది. బల్ల దగ్గర తల్లి, తండ్రి, పిల్లాడు ముగ్గురే. ఖాంగ్ నాలుగు గిన్నెలు పెట్టాడు. ఇంట్లో లేనివాళ్లకు ఆ రోజు గిన్నె పెట్టడం అక్కడ మామూలే. పోయినవాళ్లకైతే తినే పుల్లలు అన్నంలో నిలువుగా గుచ్చుతారు. అంత ధైర్యం ఆయనకెక్కడిది? పుల్లల్ని గిన్నె పక్కన పడుకోబెట్టాడు. దూరాన ఉన్న కూతురు రుయీకి మాత్రం, "మీ అమ్మకు మా సినిమాలో చోటు దొరికింది, వచ్చి చూడమ్మా" అని ఉత్తరం రాశాడు.

సినిమా సెన్సారు కమిటీ ముందుకు వెళ్లింది. ఒకావిడ రీలు ఆపించింది.

"ముగ్గురికి నాలుగు గిన్నెలేంటి? ఎవరు పోయారు? ఎవరు చంపారని చెప్పదలిచారు?"

డైరెక్టర్ తాన్‌కు ముచ్చెమటలు పట్టాయి. "అయ్యో, పోవడమేంటి కామ్రేడ్! వీళ్ల పెద్దబ్బాయి సరిహద్దులో కాపలా ఉన్నాడు. పుల్లలు పక్కనే ఉన్నాయి చూడండి, బతికున్నవాడి గిన్నె!"

ఆవిడ ముఖం విచ్చుకుంది. "బాగుంది! ఆ మాట తల్లి చేత పైకే చెప్పించండి."

బయటికొచ్చాక తాన్ ఖాంగ్‌ను పట్టుకున్నాడు. "కొంప ముంచావు కదయ్యా మేస్త్రీ! ఇంతకీ ఎవరికి పెట్టావ్?"

పేరు నాలుక చివరి దాకా వచ్చింది. చెబితే సినిమా పోతుంది, తాన్ పోతాడు, తనూ పోతాడు.

"పొరపాటండీ," అన్నాడు ఖాంగ్.

మర్నాడు ఆ సీను మళ్లీ తీశారు. ఖాంగ్ సైనికుడి టోపీ తెచ్చి గిన్నె పక్కన తన చేత్తోనే పెట్టాడు. ఛీ, ఏం బతుకు!

మొదటి ఆటకు రుయీ రెండు రోజులు రైల్లో కూర్చుని వచ్చింది. తెర మీద తల్లి, "ఇది దేశాన్ని కాస్తున్న మా పెద్దోడికి" అంది. హాలంతా చప్పట్లు.

"అమ్మది అన్నావు కదా నాన్నా? ఏదీ?" రుయీ చెవిలో అడిగింది.

ముందువరసలోంచి కమిటీ ఆవిడ వెనక్కి తిరిగి, ఎవరు చప్పట్లు కొడుతున్నారో ఎవరు కొట్టడం లేదో చూస్తోంది. ఖాంగ్ అందరికంటే గట్టిగా కొట్టాడు. తర్వాత కూతురి చేతులు రెండూ పట్టుకుని వాటి చేతా కొట్టించాడు.