స్వరాజ్యం చెప్పిన బల్లిశాస్త్రం

గోడల మీద బల్లులు అరుస్తాయన్న సంగతి సూరత్ నగరం లింబాయత్‌లోని మా గల్లీకి 2020 మార్చిలోనే తెలిసింది. అంతకుముందు ముప్ఫై ఏళ్లుగా కింది కార్ఖానాల్లో సాంచాలు, అంటే మరమగ్గాలు, ఆగకుండా నడిచేవి. ఆ మోతలో పక్క మనిషికి మాట వినపడాలంటే చెవి దగ్గర నోరు పెట్టాలి. ఇక బల్లి మాట ఎవరు విన్నారు? లాక్‌డౌన్ అన్నారు, కార్ఖానాలకు తాళాలు పడ్డాయి, గల్లీ అంతా నిశ్శబ్దమైపోయింది. ఆ నిశ్శబ్దంలో టక్‌టక్‌మని ఒక బల్లి, దానికి జవాబుగా ఇంకోటి. పైగా పని లేక అందరూ గదుల్లో వెల్లకిలా పడుకొని ఉండటంతో, రేకుల నుంచి జారిన బల్లి ప్రతిదీ ఎవరో ఒకరి మీదే పడేది.

బల్లి పడితే ఫలితం చూసుకోవాలి. అది తెలుగు క్యాలెండరు చివరి పేజీలో ఉంటుంది. ఏటా ఉగాదికి జనగామ నుంచి ఎవరో ఒకరు కొత్త క్యాలెండరు తెచ్చేవారు. ఆ ఏడు ఉగాదీ లాక్‌డౌనూ ఒకే రోజు వచ్చాయి. రైళ్లే లేవు. పాత క్యాలెండరు మాత్రం ఒకటి మిగిలింది, స్వరాజ్యం ఇంట్లో.

స్వరాజ్యం సాంచాలకు దారం కండెలు చుట్టే మనిషి. అరవై ఏళ్లకు ఒక ఏడు తక్కువ. కొడుకు, కోడలు, మనవరాలు నీరజతో ఒక గదిలో ఉండేది. ఏడో తరగతి దాకా చదివింది. గల్లీలో పెద్దలకు చదువు లేదు, పిల్లలకు గుజరాతీ తప్ప చదవడం రాదు. తెలుగు అక్షరం కూడబలుక్కోకుండా చదవగలిగింది ఆమె ఒక్కతే.

మొదట వచ్చినవాడు పక్కింటి రాములు. మూతికి తువ్వాలు కట్టుకుని గడప అవతలే నిలబడ్డాడు.

"అక్కా, జర చూడు. పొద్దుగాల నా మీద బల్లి పడ్డది. ఎడమ బుజం."

స్వరాజ్యం క్యాలెండరు దించి చివరి పేజీ తిప్పింది. ఆ పేజీ లేదు. కిందటి వేసవిలో అప్పడాల కింద పరిచి, నూనె పట్టిందని పారేసింది ఆమే. ఇప్పుడు చేతిలో ఉన్నది సెలవుల జాబితా.

లేదని చెప్పేదే. కానీ రాములు ముఖంలో ఆ ఎదురుచూపు చూడగానే ఆమెకు పదమూడేళ్ల వయసు గుర్తొచ్చింది. అప్పట్లో బీడీలు చుట్టే ఆడవాళ్ల మధ్య కూర్చుని వారపత్రికలో సీరియల్ చదివి వినిపించేది. పత్రిక రాని వారం పాత పేపరు పట్టుకుని కథ తనే అల్లేది. ఒకసారి ఉత్సాహం ఎక్కువై కథానాయికను బావిలో తోసేసింది. పై వారం పత్రికలో ఆ పిల్ల నిక్షేపంగా పెళ్లిచూపులకు కూర్చుంది. ఆమెను బావిలోంచి బయటికి తీయడానికి స్వరాజ్యం ఒక పూట కష్టపడాల్సి వచ్చింది.

"పూర్తిగ బుజమేనా, మెడ దిక్కు జరిగిందా?" అని అడిగింది.

"జర మెడ దిక్కే."

రాములు రోజూ అన్నం దగ్గర భార్య ఊర్మిళను సతాయించడం గోడ ఇవతలికి వినిపిస్తూనే ఉంది. స్వరాజ్యం గొంతు సవరించుకుని చదివింది.

"ఎడమ భుజము, మెడ సమీపమున. మూడు దినములు భోజనమునందు వంక పెట్టరాదు. పెట్టినచో కలహము. పెట్టనిచో పోయిన వస్తువు దొరుకును."

రాములు మూడు రోజులు నోరు మెదపకుండా తిన్నాడు. ఆ సంతోషంలో ఊర్మిళ ఇల్లంతా దులిపితే బియ్యం డబ్బా వెనక అతని పెళ్లినాటి గడియారం దొరికింది. సాయంత్రానికల్లా స్వరాజ్యం గడప ముందు వరస కట్టారు, మనిషికీ మనిషికీ మధ్య ముగ్గుతో గీసిన గుండ్రంలో నిలబడి.

నీరజకు అనుమానం వచ్చింది. "బాపమ్మా, గీ పేజీల అన్నీ తారీఖులే ఉన్నయి."

"నీకు తెలుగొచ్చా?"

"తెలుగు నహీ ఆతా, గని నంబర్లు కనబడ్తయి కదా."

"కనబడ్తే కండ్లు మూసుకో."

నీరజ కళ్లు మూసుకోలేదు. బాపమ్మ చెప్పిందల్లా గుజరాతీ లిపిలో నోటుబుక్కులో ఎక్కించి, తన గొంతుతో చదివి ఫోన్‌లో పంపడం మొదలుపెట్టింది. వారం తిరిగేసరికి ఊరి అవతలి పాండేసర నుంచి కూడా ఫోన్లు వచ్చాయి. ఒకాయన, బల్లి పడబోయి ఆగిపోయిందని, దానికి ఫలితమేందని అడిగాడు.

"పడబోయి పడనిచో ఇంటిల్లిపాదీ చేతులు సబ్బుతో కడుగవలెను," అంది స్వరాజ్యం తడుముకోకుండా. "పూటకు రెండు పర్యాయములు."

ఇలా ఉండగా ఒక మధ్యాహ్నం, గడపలో కూర్చుని ఊర్మిళకు మోచేతి ఫలితం చెబుతుంటే, స్వరాజ్యం నడినెత్తి మీదే బల్లి పడింది. జుట్టులోంచి జారి, చెవి మీదుగా దిగి వెళ్లిపోయింది.

"తల మీద పడితే ఏంది వదినె?" ఊర్మిళ మెల్లగా అడిగింది.

పారేసిన పేజీలో మొదటి పంక్తి స్వరాజ్యానికి బాగా గుర్తుంది. శిరస్సు, మరణభయము. అయినా పేజీ తిప్పి, "శిరస్సున, మధ్యాహ్న సమయమున. మూడు దినములు ఆ మనిషి పొయ్యి దగ్గరికి పోరాదు," అని చదివింది.

మూడు రోజులు గల్లీలో తలా ఒక గిన్నె తెచ్చి పెట్టారు. ఊర్మిళ పచ్చిపులుసు పంపింది. స్వరాజ్యం తింటూనే ఉంది, కానీ రోజుకు రెండుసార్లు తలస్నానం చేసి, గంటకోసారి తన నాడి తనే పట్టుకుని చూసుకునేది.

"శాస్త్రం నీదే కదా బాపమ్మా, మళ్ల భయమెందుకు?" అని నీరజ నవ్వింది.

"శాస్త్రం నాదే. భయం మా అమ్మది."

నాలుగో రోజు కూడా బతికే ఉన్నానని తెలిశాక ఆమెకు నవ్వాగలేదు. ఒక్కతే గోడవైపు తిరిగి, చీర కొంగు నోట్లో కుక్కుకుని నవ్వింది.

జూన్‌లో సాంచాలు నడిచాయి. బల్లి ఫలితాలకు గిరాకీ తగ్గింది, స్వరాజ్యం మళ్లీ కండెల దగ్గర కూర్చుంది. కానీ మరుసటి ఏప్రిల్ చెడ్డగా వచ్చింది. గల్లీలో ఇద్దరు కరోనాతో పోయారు. అందుకే జూన్‌లో దగ్గరి బడిలో సూది మందు వేస్తారని తెలిసినప్పుడు స్వరాజ్యం ఇంటింటికీ తిరిగింది. ఎవరూ కదల్లేదు. సూది వేసుకుంటే రెండేళ్లలో పోతారని ఎవరో చెప్పారట. గల్లీలో అందరికంటే పెద్దది చిన్నవ్వ. ఆమె మంచం దిగకుండానే, "శాస్త్రం ఏమంటదో చెప్పు, గప్పుడు పోత," అంది.

స్వరాజ్యానికి సిగ్గేసింది. అందరినీ పిలిచి ఉన్నమాట చెప్పేసింది. "శాస్త్రం లేదు, ఏం లేదు. నేను చెప్పిందంత నా సొంత పైత్యం. నా చేతులున్నది సెలవుల లిస్టు."

రాములు కొట్టిపారేశాడు, "ఊకో అక్కా. అబద్ధమైతే నా గడియారం ఎట్ల దొరికింది?"

"ఊర్మిళ ఊడిస్తే దొరికింది."

"మరి ఊర్మిళ ఎన్నడన్న గట్ల ఊడ్చిందా?"

"సొంతంగ చెప్పిన అనుకుంటున్నవు బిడ్డా," అంది చిన్నవ్వ జాలిగా. "నీ నోట్లకెల్లి శాస్త్రమే వచ్చింది."

స్వరాజ్యం ఇక లాభం లేదని లోపలికి వెళ్లి క్యాలెండరు తెచ్చింది.

"సూది గ్రుచ్చుట. సర్వులకు ఆయుర్వృద్ధి. స్త్రీలకు ఎడమ జబ్బ, పురుషులకు కుడి జబ్బ శుభము."

ఆడవాళ్లకు ఎడమ, మగవాళ్లకు కుడి అని అలవాటు కొద్దీ వచ్చేసింది. దాని సంగతి మర్నాడు బడిలో తెలిసింది. సిస్టర్ "డాబో హాథ్, భాయ్" అని ఎడమ చెయ్యి అడుగుతుంటే, మా గల్లీ మగవాళ్లు ఒకరి తరవాత ఒకరు కుడి చొక్కా చెయ్యి పైకి మడుస్తున్నారు. ఏడో మనిషికి ఆమె సూది పట్టుకుని ఆగిపోయింది. రాములు సురతీ హిందీలో శాస్త్రం మొత్తం వివరించాడు. సిస్టర్ మాస్కు వెనక పగలబడి నవ్వి, ఏ చేతికైనా మందు ఒకటేనని కుడి చేతికే పొడిచింది.

రెండు రోజులు గల్లీలో ఏ మగవాడికీ కుడి చెయ్యి లేవలేదు. మూడో రోజు ఊర్మిళ వచ్చి గడపలో కూలబడింది.

"వదినె, చిన్నపిల్లగానికి పెట్టినట్టు ముద్దలు కలిపి పెడుతున్న. రెండో సూదికి జర శాస్త్రం మార్చరాదు?"

"మార్చుతార శాస్త్రం?" అని స్వరాజ్యం గంభీరంగా క్యాలెండరు తెరిచింది. "ద్వితీయ పర్యాయము పురుషులకు సైతము..." అనేసరికి ఊర్మిళ కిసుక్కుమంది. ఇద్దరూ పడీపడీ నవ్వారు. ఆ వాక్యం ఆ రోజు పూర్తి కాలేదు.

సెప్టెంబరులో మగవాళ్లంతా బుద్ధిగా ఎడమ చెయ్యి ఇచ్చారు. చిన్నవ్వ మాత్రం దేనికైనా మంచిదని రెండు జబ్బలూ బయటపెట్టి, రెండిటికీ వేస్తేనే కుర్చీ దిగుతానని సిస్టర్‌తో కొట్లాడింది.