తొమ్మిది పడిందని చెప్పాను

ఏడేళ్ళుగా ఒక మాట నా గొంతులో అడ్డం పడి ఉంది. మింగుదామంటే దిగదు, కక్కుదామంటే రాదు. మా ఆయనకు చెప్పలేదు. అమ్మ పోయేముందు తనకూ చెప్పలేదు. మీరెవరో నాకు తెలియదు, అందుకే మీకు ఈ కాగితం మీద చెబుతున్నాను. వినండి. మధ్యలో ఓదార్చకండి. ఓదారిస్తే నాకు ఒళ్ళు మండుతుంది.

నాకిప్పుడు మళ్ళీ నెలలు నిండాయి. చిత్తూరులో మా వంటింట్లో అక్క శొంఠి దంచుతోంది. అమ్మ లేదు కదా, నాకు పురుడు పోయడానికి కార్వేటినగరంలో తన సంసారం వదిలిపెట్టి వచ్చింది. వద్దన్నాను. వింటేనా! కాళ్ళకు నూనె రాస్తుంది, పక్క సర్దుతుంది, ఇంకో ముద్ద తినమని వెంటపడుతుంది. తను ఎంత బాగా చూస్తే నాకు అంత విసుగు. ఆ విసుగు తన మీద కాదని తనకేం తెలుసు? లేక తెలుసా? ఇదిగో, ఈ ప్రశ్నే నన్ను ఏడేళ్ళుగా తినేస్తోంది.

తొలి కాన్పుకు నేను పలమనేరులోని పుట్టింటికి వెళ్ళాను. అక్క కూడా అప్పుడే రెండో కాన్పుకు అక్కడికి వచ్చింది. తొలి కాన్పులో అక్క రెండు రోజులు నొప్పులు పడింది. అప్పుడు నాకు పదమూడేళ్ళు. గొడ్ల కొట్టంలో కూర్చుని చెవుల్లో వేళ్ళు పెట్టుకున్నాను. అయినా ఆ కేకలు వినపడ్డాయి. నా భయమంతా అక్కడే మొదలైంది. మరి ఆ కేకలు పెట్టిన మనిషికి నాకంటే ఎక్కువ భయం ఉంటుందని ఆరోజు నాకు ఎందుకు తట్టలేదు? తట్టలేదనడం కూడా అబద్ధమేనేమో. తట్టింది, పక్కకు నెట్టేశాను.

మా అవ్వ, నాయనను కన్నతల్లి, ఇంటికి పెద్ద. ఒక బాలింత ఇంట్లో ఉండగా ఇంకొకరికి అక్కడ పురుడు పోస్తే ఒక బిడ్డ దక్కదని ఆవిడ పట్టు. ఎవరికి ముందు నెలలు నిండితే వాళ్ళు ఇక్కడ ఉండాలి, రెండో ఆమె అత్తగారింటికి వెళ్ళిపోవాలి. అవ్వ మాటకు నాయనే ఎదురు చెప్పడు, ఇక మేమెంత?

అక్కకు తొమ్మిదో నెల. నాకు ఎనిమిది. అంటే వెళ్ళాల్సింది నేను. చిత్తూరులో మా అత్తగారు లేరు, ఇంట్లో ఆడదిక్కు లేదు. రెండు వీధుల అవతల ఆసుపత్రి ఉంది, అక్కడ చేర్పిస్తానని మా ఆయన ముందే అన్నాడు. ఆసుపత్రి పేరెత్తితేనే నాకు భయం. కార్వేటినగరంలో అక్కకు ఆసుపత్రి కూడా దగ్గర్లో లేదు. ఉన్నదల్లా చూపు ఆనని అత్తగారు.

నేను వినాయక చవితికి ముందే నెల తప్పానని, సిగ్గుపడి ఒక నెల ఆలస్యంగా చెప్పానని అమ్మతో అన్నాను. తొమ్మిది పడిందన్నాను. అక్కకంటే పది రోజులు నేనే ముందన్నాను. అంత తేలిగ్గా నా నోటి నుంచి ఇంకే మాటా రాలేదు. తొలిచూలు కడుపు చిన్నగానే ఉంటుందని అవ్వే సర్దిచెప్పింది. ఎవరైనా అనుమానిస్తే బాగుండు! ఒక్కరూ అనుమానించలేదు.

యుద్ధం రోజులు. పెట్రోలు లేక బస్సులు బొగ్గుతో నడిచేవి. పొగకు దగ్గుతూ అక్క బస్సు పక్కన నిలబడింది. మూడేళ్ళ కూతురు తన కొంగు పట్టుకుని ఉంది.

“ఏమే, నిజంగానే తొమ్మిది పడిందా నీకు?”

“పడింది కదక్కా. ఎన్నిసార్లు అడుగుతావు?”

అక్క నా కడుపు వైపు చూసింది. తర్వాత నా మొహంలోకి చూసింది.

“సరేలే. అమ్మ నీ కాడనే ఉండనీ. నీకు భయం జాస్తి. నేనొక కాన్పు సూసినాను గదా, ఎట్లనో పడతాను.”

బస్సు వెళ్ళిపోయింది. నేను ఇంటికొచ్చి కడుపునిండా అన్నం తిన్నాను. అవును, తిన్నాను. అది కూడా రాయాలి.

తర్వాతే నా అబద్ధం నన్ను పట్టుకుంది. అందరి లెక్కలో నాకు నెలలు నిండాయి, నా లెక్కలో ఇంకా నెల ఉంది. నొప్పులు రావేమని ఇల్లంతా గోల. అమ్మ గంగమ్మకు మొక్కుకుంది. అవ్వ నాచేత వడ్లు దంచించింది. ఏనుగును కంటున్నావా అని పక్కింటావిడ రోజూ వచ్చి నవ్వేది. నొప్పులు రావాలని ఆముదం గిన్నె చేతికిస్తే తాగాలి, లేదా నిజం చెప్పాలి. నోట్లో పోసుకుని పెరట్లోకి పరుగెత్తి పేడదిబ్బలో ఉమ్మేదాన్ని. మంత్రసాని వచ్చి కడుపు తడిమి, బిడ్డ ఇంకా దిగలేదు, చాలా రోజులుందని చెప్పింది. నీకు ముసలితనం వచ్చిందని అవ్వ ఆమెను కసిరి పంపేసింది. ఆమె చెప్పిందే నిజమని నాకొక్కదానికే తెలుసు.

అప్పుడు బావ దగ్గర నుంచి ఉత్తరం వచ్చింది. అక్కకు కాళ్ళు వాచాయి, కళ్ళు తిరుగుతున్నాయి, అమ్మను వెంటనే పంపమని. అమ్మ సంచిలో రెండు చీరలు పెట్టుకుంది. గుమ్మం దగ్గర ఆగి నన్ను చూసింది. నాకు ఇంకా రోజులున్నాయని ఒక్క మాట అంటే అమ్మ వెళ్ళిపోయేది. నేను నడుం పట్టుకుని, లాగుతోందమ్మా అన్నాను.

మొదటి అబద్ధం భయంతో ఆడాను. ఇది? దీనికి ఏ పేరు పెట్టుకోను? ఏడేళ్ళుగా వెతుకుతున్నాను, నన్ను కాస్త మంచిదానిగా చూపించే పేరు ఒక్కటీ దొరకలేదు.

అమ్మ సంచిలోంచి చీరలు తీసేసింది. ఐదు రోజులకు కార్డు వచ్చింది. మగబిడ్డ, దక్కలేదు, తల్లి ప్రాణానికి భయం లేదు. తర్వాత మూడు వారాలకు నేను కన్నాను. గంటలో కాన్పు అయిపోయింది. ఈ గంట కోసమా! అమ్మ వెళ్ళి ఉంటే ఆ బిడ్డ బతికేవాడా? తెలియదు. బతికేవాడు కాదని ఎవరైనా గట్టిగా చెబితే నిద్రపోదును. బతికేవాడని చెబితే కనీసం ఏడుద్దును. అక్కకు మళ్ళీ కడుపు పండలేదు. అమ్మ మాత్రం ఆ చీరల సంగతి పోయేదాకా తలుచుకుని, తప్పు తనదేనని ఏడ్చింది. నేను పక్కన కూర్చుని మంచినీళ్ళు ఇచ్చాను.

ఈరోజు పొద్దున అక్క నా కాళ్ళకు నూనె రాస్తూ, ఈసారైనా నెలలు సరిగ్గా లెక్కపెట్టుకున్నావా అని అడిగింది. నవ్వుతూనే అడిగింది. మామూలు నవ్వే. అందులో ఏముందో నాకు అర్థం కాలేదు. కాళ్ళు వెనక్కి లాక్కుని విసుక్కున్నాను.

ఈసారి నాకు నొప్పుల భయం లేదు. ఆ నొప్పుల్లో తన చెయ్యి పట్టుకోవాలి, అదే భయం. పట్టుకునే ముందు ఈ మాట ఎక్కడో ఒకచోట పెట్టాలి. తన మొహం చూస్తూ చెప్పే ధైర్యం ఈ రోజుకీ లేదు. రోకలి చప్పుడు ఆగింది, ఇటే వస్తుందేమో. రాసేస్తున్నాను.

అక్కా, ఆరోజు నాకు ఎనిమిదే.