రత్నమ్మక్క ఇత్తడి గాజు

రండి, ఇట్లా దగ్గరికి జరిగి కూర్చోండి. తలుపు దగ్గరికేస్తాను, వీధిలో సద్దు ఎక్కువగా ఉంది. ఇది గొంతెత్తి చెప్పే కథ కాదు. పొద్దున మా ఎదురింటి శంకరప్ప కారు స్టార్టు చేశాడు. నిన్ననే దాని కింద ఏదో కొత్త డబ్బా వేయించాడు. స్టార్టు కాగానే మా వంటింటి గూట్లో బోర్లించిన స్టీలు గ్లాసులు గలగలమన్నాయి. పాలగిన్నె మీద మూత అదిరింది. వెనకే కిటికీలోంచి పచ్చి పెట్రోలు వాసన వచ్చింది. నా చెయ్యి దానంతట అదే గోడమేకు మీదికి పోయింది. ఆ మేకుకు ఒక ఇత్తడి గాజు వేలాడుతుంటుంది. చిన్నపిల్ల చేతికి పట్టేంత గాజు. మా ఇంట్లో ఆ వయసు పిల్లలెవరూ లేరు. అది రత్నమ్మక్క గాజు. ఆ గాజుతో ఆమె కార్ల పైపులు కొలిచేది.

మీరామెను చూడలేదు కాబట్టి చెప్తాను. చింతామణి బస్టాండు వెనక సందులో ఆమె అంగడి. సైలెన్సర్లు, కన్వర్టర్లు, వాటి పైపులు, బోల్టులు అమ్మేది, వెల్డింగు చేసే మునెప్పతో బిగించి ఇచ్చేది. చిక్కబళ్ళాపురం నుంచి కూడా కార్లు వచ్చేవి. ఆమె పుట్టింటివాళ్ళు గాజుల వ్యాపారులు. పెళ్ళయి వచ్చిన ఇల్లు ఇనుము వ్యాపారం. పుట్టింటి నుంచి తెచ్చుకున్న ఇత్తడి గాజులు, అన్ని సైజులవీ, ఒక తాడుకు గుచ్చి గల్లాపెట్టె పక్కన వేలాడదీసింది. పైపు నోటికి గాజు తొడిగి చూసి, "ఇది సరిపోతాది, ఇది వదులు" అనేది. స్కేలు ముట్టగా నేను చూడలేదు. భర్త ఇరవై ఏళ్ళు పక్కనే కూర్చుని రేకులు కొట్టినందుకు ఆమె ఎడమ చెవి పూర్తిగా పోయింది. కుడి చెవి, మనం దగ్గరికి పోయి గట్టిగా చెప్తే వినేది. సద్దు తగ్గించే అంగడి నడిపే మనిషికి సద్దు వినబడదు. ఊరివాళ్ళు దానికి నవ్వుకునేవాళ్ళు. ఆమె కూడా నవ్వేది.

నేను మూడో తరగతి దాటలేదు. మా ఆయన మిద్దె మీదినుంచి పడి నడుము పోగొట్టుకున్నాక ఆయన నడిపే పాత పెట్రోలు వ్యాను నేను పట్టుకున్నాను. కృష్ణప్ప అని ఒకాయన చింతామణి బయట పట్టుపురుగుల పిల్లల్ని పెంచి రైతులకిచ్చేవాడు. వాటిని బాగేపల్లి పక్కన మిట్టేమరి దాకా చేర్చేది నా పని. ఆ పురుగు పెరిగేటప్పుడు కొన్నిసార్లు తిండి మానేసి, తల పైకెత్తి, కదలకుండా ఉండిపోయి చర్మం మార్చుకుంటుంది. మా వైపు దాన్ని జ్వరం అంటారు. రెండో జ్వరంలో ఉన్నప్పుడే, తెల్లవారి చల్లగాలిలో వాటిని మొయ్యాలి. అవి లేచి ఆకు వెతుక్కునేలోగా రైతు ఇంటికి చేర్చాలి. పురుగులున్న ఇంట్లో బీడీ తాగరు, తాళింపు పెట్టరు, గట్టిగా అరవరు. బాలింత ఉన్న ఇల్లులాగా చూసుకుంటారు.

అంత తెలిసి కూడా నేనొక తప్పు చేశాను. వ్యాను మిట్ట ఎక్కడం మానేసింది. ఇంజనుకూ సైలెన్సరుకూ మధ్య ఒక ఇనుప డబ్బా ఉంటుంది. దాన్నే కన్వర్టరంటారు. లోపల తేనెపట్టులాంటి జల్లెడ, పొగలోని విషాన్ని చంపేది, ఇంజను అరుపును కూడా కొంత మింగేది. నా బండిలో అది పూడిపోయిందట. దారిపక్క షెడ్డులో ఒకాయన, "కొత్తది యాల అమ్మా, లోపలిది పొడిచేస్తే గుర్రం మాదిరి పోతాది" అన్నాడు. గడ్డపారతో పొడిచి ఆ జల్లెడంతా కింద రాల్చేశాడు. బండి నిజంగానే గుర్రంలాగా పోయింది. నేను మురిసిపోయాను. మూడోరోజు మిట్టేమరిలో నాగమ్మ అనే రైతమ్మ నా ట్రేలకు అడ్డంగా నిలబడింది. "నీ బండి ఊరి బయట ఉండంగానే మా దూడ కట్టు తెంపుకుండాది. ఈ ట్రేలు చూడు, పొగ కంపు. మా పురుగులింట్లోకి ఇవి రావమ్మా, తీసకపో" అంది. వెనక్కి తెచ్చిన పురుగుల్ని కృష్ణప్ప ఒక్కొక్క ట్రే ఎత్తి చూశాడు. చివరికి, "శుక్రవారం ఇంగొక బ్యాచి ఉండాది సరోజమ్మా. అది గూడా వాపసు వస్తే నేను వేరే బండి పెట్టుకుంటాను" అన్నాడు. ఆ వ్యాను ఆగితే మా పొయ్యి ఆగుతుంది. మంచం మీదున్న ఆయనకు ఆ మాట చెప్పలేదు. గురువారం మధ్యాహ్నం రత్నమ్మక్క అంగడి ముందు బండి ఆపాను.

నేను పోయిన పది నిమిషాలకే ఒక డబ్బా నాకు నచ్చింది. అద్దంలాగా మెరుస్తోంది, చవక. "ఇది వేసేయక్కా" అన్నాను, ఆమె కుడి చెవి దగ్గర. ఆమె దాన్ని నా చేతిలో పెట్టింది. రెండో చేతిలో ఇంకొకటి పెట్టింది, మసి రంగుది.

"ఏది బరువు?"

"నల్లది."

"మెరిసేదానికి ఒకటే పొర రేకు. బయట నుంచి తట్టు." గాజుతో తట్టి చూపించింది. గుడిగంటలాగా మోగింది. "నాకు వినబడదు గానీ చేతికి తెలుస్తాది. ఊరికే తడితేనే మోగేది, కింద మంట పెడితే మోగదా? ఇంగ ఆకాశం పక్కకు ఎత్తి లోపల చూడు." చూశాను. రంధ్రాలు పెద్దపెద్దవి, అక్కడక్కడ జల్లెడే లేదు. నల్లదానిలో సన్నగా, ఒత్తుగా ఉన్నాయి. ఊపితే లోపల ఏమీ కదల్లేదు.

తర్వాత తాడు మీది గాజులు విప్పింది. నా బండి పైపుకు ఒకటి తొడిగింది, సరిపోయింది. అదే గాజు మెరిసేదాని మూతికి తొడగబోతే ఎక్కలేదు, మూతి అంత పెద్దది. "చూసినావా, పెద్ద నోరు. పెద్ద నోరంటే పెద్ద అరుపు. మా అత్త మాదిరి," అంది. మునెప్ప పడీపడీ నవ్వాడు. నల్లదానికి గాజు పట్టినట్టు కూర్చుంది. "ఇదీ నీ బండి చేతి గాజు. ఎమిషన్ టెస్టులో గూడా నిలబడతాది. పో, టీ తాగిరా" అంది.

బిగించేసరికి అయిదు దాటింది. అప్పుడే కృష్ణప్ప ఫోను. "ఆరుకల్లా బండి తెచ్చి చూపించు. రాకుంటే వేరేవాళ్ళకు చెప్పేస్తాను." మునెప్ప స్టార్టు చేశాడు. అరుపు పోయింది. నా ప్రాణం లేచొచ్చింది. రత్నమ్మక్క వ్యాను నేల మీద అరచెయ్యి ఆనించి, కళ్ళు మూసుకుని, కాసేపుండి నావైపు తిరిగింది. "అదురు లేదు. ఇంగ సద్దు నువ్వే చెప్పాల. నా చెవులు నువ్వే సరోజా. యాడైనా టిక్కుటిక్కు అంటాండాదా?"

అంటోంది. ఇంజను వైపు అతుకు దగ్గర, గోడగడియారమంత చిన్నగా, టిక్కు టిక్కు. నేను విన్నాను. మళ్ళీ విప్పాలంటే పైపు చల్లారాలి, గంట పడుతుంది. ఆరుకల్లా పోవాలి. ఆమె ముఖంలోకి చూసి, "లేదక్కా, ఏమీ లేదు" అన్నాను. ఆమె తల ఊపింది. నా మాటను అంత సులభంగా తీసుకుంటుందని నేననుకోలేదు. దుకాణం లోపలికి పోయి నా పేరుతో దీపం దగ్గర ఒక పువ్వు పెట్టింది. అది చూస్తూ బండెక్కాను.

ఆరుకు కృష్ణప్ప బండి చూసి సరేనన్నాడు. మరునాడు తెల్లవారకముందే ట్రేలు ఎక్కించుకుని బయలుదేరాను. తడి గోనెలు కప్పాను. మొదట్లో ఆ టిక్కుటిక్కు నాకు మాత్రమే వినబడేంత ఉంది. కెంచార్లహళ్ళి రాకముందే అది టప్పుటప్పు అయింది. గుంతలో పడ్డ ప్రతిసారీ పెరిగింది. తర్వాత కాళ్ళ దగ్గర నుంచి వాసన రావడం మొదలైంది. అద్దాలన్నీ దించాను. గోనె ఎత్తి చూశాను. పురుగులు తలలెత్తి కదలకుండా ఉన్నాయి, పాపం, నిద్రలో ఉన్న పసిబిడ్డల్లాగా. ముందుకు పోతే నాగమ్మ మళ్ళీ అడ్డం నిలబడుతుంది. వెనక్కి పోతే పొద్దెక్కుతుంది, పురుగులు లేస్తాయి. రోడ్డు పక్కన ఆపి స్టీరింగు మీద తల పెట్టుకున్నాను. బండి వెనక్కి తిప్పాను.

అంగడి తెరవలేదు. ఇల్లు వెనకే. తలుపు దబదబా బాదాను. ఎంత బాదితే ఏం, ఆమెకు వినబడదు కదా! పక్కింటివాళ్ళు లేచారు, ఆమె లేవలేదు. కిటికీలోంచి చూస్తే దీపం ముందు కూర్చుని ఉంది, వీపు నావైపు. కొంగు విప్పి కిటికీ ఊచల్లోంచి లోపలికి విసిరి ఊపాను. తెల్లారే వెలుగులో ఎదురుగోడ మీద నీడ కదలడం చూసి తిరిగింది.

బయటికొచ్చింది. నా ముఖం చూసింది, వ్యాను చూసింది. "నిన్న విన్నావా?" అంది.

"విన్నానక్కా."

తిడుతుందనుకున్నాను. తిట్టి ఉంటే బాగుండేది. "సరే, పురుగులు దించు" అంది. తన ఇంటి ముందుగదిలో చాప పరిచి, నీళ్ళు చల్లి, ట్రేలన్నీ నాతో దించి పెట్టించింది. మునెప్ప ఇంకా రాలేదు. అరవయ్యేళ్ళ మనిషి, చీర ఎగదోపి, గోనె పరుచుకుని బండి కిందికి దూరింది. కాలే పైపు మీద తడిగుడ్డ వేసి బోల్టులు విప్పింది. రెండు అతుకుల మధ్య పెట్టే పట్టీ ఒక మూల మడత పడి ఉంది. కొత్త పట్టీ పెట్టి బిగించింది. ఆమె మోచేతి మీద బొబ్బ లేవడం నేను చూశాను. ఎండ అప్పటికి గడప మీదికి వచ్చేసింది.

"స్టార్టు చెయ్. ఇప్పుడు కిందికి దిగి, చెవి పెట్టి, నువ్వు చెప్పు. నువ్వు సరే అంటేనే పోతావు. నేను అనేది కాదు."

పడుకుని విన్నాను. టిక్కుటిక్కు పోయింది. కానీ ఇంకొకటి ఉంది. వెనక అతుకు దగ్గర, సన్నగా, నిద్రలో బిడ్డ ముక్కు ఈల వేసినట్టు. ఇంకెవరికీ వినబడదు. గదిలో పురుగులు. గడప మీద ఎండ. మిట్టేమరి ఎంత దూరమో నాకు తెలుసు. నా నోట్లో "సరే" అనే మాట తయారుగా ఉంది. దాన్ని మింగడానికి ఎంత కష్టపడ్డానో ఇప్పటికీ గొంతుకు గుర్తుంది.

"ఇంగా ఉండాదక్కా. ఈ పక్క. వెనక."

ఆమె నావైపు చూసి ఒక్కసారి నవ్వింది. "అట్ల చెప్పు" అని మళ్ళీ కిందికి దూరింది. అక్కడ బోల్టు ఒక చుట్టు తక్కువగా ఉంది. అంతే. ఒక్క చుట్టు.

మిట్టేమరికి పోయేసరికి ఎండ బాగా వచ్చేసింది. దారిపొడుగునా వెనక ట్రేలలో ఆకు కోసం పాకే చప్పుడు వస్తుందేమోనని వింటూ నడిపాను. ఏమీ రాలేదు. ఇంజను కూడా దాదాపు వినబడలేదు. నాగమ్మ వాకిట్లో చాటతో చెరుగుతోంది. నేను దిగి నిలబడేదాకా తల ఎత్తలేదు. ఉలిక్కిపడి, "ఓయమ్మా, ఎప్పుడొచ్చినావు? బండి సద్దే కాల్యా!" అంది. గోనె ఎత్తి, ముక్కు ట్రే దగ్గర పెట్టి వాసన చూసింది. ఒకటి రెండు పురుగులు అప్పుడే తల కదిలిస్తున్నాయి. "లేస్తాండాయి, తొందరగా లోపలికి పట్టు, ఆకు తరిగి పెట్టినా" అంది. అంతే, ఆ పని నాకు నిలబడింది. కృష్ణప్ప వేరే బండి మాట మళ్ళీ ఎత్తలేదు.

ఆ తర్వాత కొన్నేళ్ళు, రత్నమ్మక్క దగ్గర ఏ కారుకైనా డబ్బా బిగించిన రోజు నేను ఊర్లో ఉంటే కబురు వచ్చేది. పోయి, పడుకుని, విని, చెప్పేదాన్ని. బాగుంటే బాగుంది, లేకుంటే లేదు. "నా డబ్బు పోతే నీకేమమ్మా" అని నామీద ఎగిరిన కారు యజమానులూ ఉన్నారు. ఆమె మాత్రం స్పానరు తీసుకునేది. ఒక్కసారి కూడా ఆ గురువారం అబద్ధం గురించి ఎత్తలేదు. ఎత్తకపోవడం వల్లనే అది నాలో చావలేదేమో. చివరి రోజుల్లో కుడి చెవి కూడా పోయింది. మంచం పక్కన కూర్చుంటే నా అరచేతిలో, ఆనాడు నా బండికి సరిపోయిన ఈ గాజు పెట్టి, "పైపు కొలిచేదానికి ఇది ఉండాది. సద్దుకు నా దగ్గర కొలత లేకపోయె. దానికి నీ మాటే పెట్టుకున్నా" అంది. నేను ఏమన్నా ఆమెకు వినబడదు. చేతిని పట్టుకున్నాను. మోచేతి మీద ఆనాటి బొబ్బ మచ్చ ఉంది.

పొద్దున శంకరప్ప కారు ఆపి వచ్చి, "ఎట్ల ఉండాది పిన్నమ్మా, కొత్త కన్వర్టరు? బాగుండాది గదా?" అన్నాడు. బాగుంది అంటే సంతోషంగా పోతాడు. పొద్దున్నే ఎదురింటివాణ్ణి నొప్పించడం ఎవరికి ఇష్టం? గాజు తీసుకుపోయి వంగి చూశాను. కారు పైపు గాజంతే ఉంది, కొత్త డబ్బా మూతి మాత్రం దానికన్నా పెద్దది. "బాగలేదప్పా. పెద్ద నోరు. మార్పించుకో" అన్నాను. మొహం మాడ్చుకుని పోయాడు. సాయంత్రానికి, అదుగో కిటికీలోంచి చూడండి, కారు లేదు వాకిట్లో. మార్పించడానికే పోయినట్టుంది.

చీకటి పడుతోంది, ఇంక లేవండి. మీ ఇంట్లో ఊయలలో బిడ్డ ఉంటే ఉలిక్కిపడకుండా నిద్రపోవాలి. మంచం మీద పెద్దవాళ్ళుంటే వాళ్ళ నిద్ర చెడకూడదు. మీ గూట్లో గ్లాసులు కదలకుండా ఉండాలి. మీరు అడిగినప్పుడు ఉన్నది ఉన్నట్టు చెప్పే మనిషి ఒకరు మీ గడపలో ఎప్పుడూ ఉండాలి. చల్లగా ఉండండి, తల్లీ. చల్లగా ఉండండి, నాయనా.