శేషమ్మకు ఎమ్మారై

బేస్తవారిపేట దగ్గర పల్లెలో మెట్టచేను చేసుకునే శేషమ్మ, ఒంట్లో బాగాలేదని ఒక్క పూట పడుకోని మనిషి. ఒకరోజు స్నానం చేస్తుంటే ఎడమ రొమ్ములో గట్టిగా ఏదో చేతికి తగిలింది. నొప్పి లేదు. నొప్పి లేనిదాన్ని జబ్బని ఎలా అనుకోవాలో తెలియలేదు.

గిద్దలూరులో ఉన్న కూతురు జాహ్నవికి చెబితే, వచ్చి మార్కాపురం తీసుకువెళ్లింది. అక్కడ స్కానింగ్ చేసినవాళ్లు మంచి గడ్డో చెడ్డ గడ్డో తేల్చలేక, ఒంగోలులో ఎమ్మారై తీయించమన్నారు.

"గడ్డల్లో మంచిదేందే?" అని శేషమ్మ బస్సులో దారంతా అడుగుతూనే ఉంది.

ఒంగోలులో మిషన్ గదిలోకి పంపేముందు తాళిగొలుసు, దానికి వేలాడే పిన్నీసులు, మెట్టెలు అన్నీ తీయించారు. పెళ్లినాటి మెట్టెలు సబ్బు రాస్తేగానీ ఊడలేదు. మెడ బోసిపోకుండా జాహ్నవి పసుపుతాడు కట్టింది. శేషమ్మను బోర్లా పడుకోబెట్టి మిషన్‌లోకి తోశారు. ఆ మోతలో ఆమెకు దేవుడి పేరు కూడా గుర్తుకు రాలేదు. మధ్యలో, గడ్డ ఫిల్ములో తేటగా పడడానికి ఎక్కించిన మందు చేతి నరంలోకి చల్లగా పాకింది.

డాక్టర్ మురళీకృష్ణ ఫిల్ము చూసి చెప్పాడు. "చెడ్డ గడ్డలు చాలావరకు మందును తొందరగా పీల్చుకుని తొందరగా వదిలేస్తాయమ్మా. మీది నిదానంగా పట్టింది, ఇంకా వదల్లేదు. అంచులు కూడా నున్నగా ఉన్నాయి."

శేషమ్మ కుర్చీలో ముందుకు జరిగింది. "వదల్లేదంటే లోపలే నిలిచినట్టు గదా సార్. తొందరగా పోతేనే గదా మంచిది?"

"ఇక్కడ తిరగేసి అనుకోవాలి. మందు మెల్లగా బయటికి పోతుందిలెండి. గడ్డ మంచిదే అనిపిస్తోంది. అయినా చిన్న ముక్క తీసి పరీక్షకు పంపుదాం."

"మంచిదైతే ముక్కెందుకు సార్?"

"అనిపించడం వేరు, తేలడం వేరమ్మా."

ముక్క తీశారు. ఇంటికొచ్చాక భర్త మాలకొండయ్య ఏమన్నారని అడిగితే, "మంచిదే అంటున్నారు, అయినా కోసినారు" అంది. ఫలితం వచ్చేదాకా ఇద్దరికీ అన్నం సయించలేదు.

చివరికి జాహ్నవి ఫోన్ చేసింది. "క్యాన్సర్ కాదమ్మా" అంటూ ఏడ్చింది. ఆర్నెల్లకు మళ్లీ చూపించుకోవాలంది.

"లేనిదాన్ని చూపించుకోవాల్నా?"

"లేనిది క్యాన్సర్. గడ్డ ఉంటది."

సాయంత్రం పక్కింటి సరస్వతమ్మ వచ్చింది. "నయమైందా వదినా?"

"నయం కావాల్సిందే లేదంట. అది మాత్రం నాతోనే ఉంటదంట."

"అట్లయితే సంతోషమే గదా?"

"సంతోషమే అనుకుంటా," అంది శేషమ్మ.